వంద యెన్లకు పది పైసలు ఎక్కువ

నేను పనిచేసింది డబ్బు మార్చే దుకాణంలో. ముప్పై ఎనిమిదేళ్ళు. ఒక దేశపు నోటు తీసుకోవడం, ఇంకో దేశపు నోటు ఇవ్వడం, అంతే పని. మూడో తరగతితో నా చదువు అయిపోయింది గానీ అంకెలు మాత్రం గుండ్రంగా రాస్తాను. పొద్దున్నే నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ రోజు రేట్లు రాసేవాడిని. యెన్ మరీ చిన్నది కాబట్టి దాని రేటు వందకు రాస్తాం. వంద యెన్లకు ఇన్ని రూపాయలని.

మా యజమానిది ఒక పద్ధతి. బోణీ బేరం ఏ రేటుకు తెగితే ఆ రేటే ఆ తారీఖు కింద పుస్తకానికి ఎక్కాలి. బల్ల మీద రాసినది కాదు, చేతులు మారినది. దుకాణం మూసేసిన రోజున ఆ పుస్తకాలన్నీ నాకే ఇచ్చేశాడు. తూకానికి వేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇన్నాళ్ళకు వాటితో పనిపడింది. మా అమ్మాయి కూతురు కాలేజీలో పాత రేట్ల మీద పెద్ద వ్యాసం రాస్తోంది. యెన్ ఎగబాకిన మూడేళ్ళు తీసుకుంది. అప్పట్లో వంద యెన్లు ఐదు రూపాయల చిల్లర నుంచి పది దాటాయి. దుకాణంలో రోజూ ఏ రేటు నడిచిందో ఎక్కడా దొరకలేదట, నా పుస్తకాల్లోనే ఉందట. రెండు నెలలుగా మా ముందుగదిలో నేల మీద కూర్చుని ఆ రేట్లు తన పట్టికలోకి ఎక్కించుకుంటోంది.

ఆ యెన్‌ని పెంచింది మా ఆవిడేనని మా ఇంట్లో ఒక మాట ఉంది. అప్పటికి మాకు పెళ్ళి కాలేదు. వాళ్ళ అన్నయ్య ఓడలో ఫిట్టరు, జీతం యెన్లలో. నెలకోసారి ఓడ వచ్చేది. మర్నాడు నేను దుకాణం తలుపు తీసేసరికి ఆవిడ మెట్ల మీద ఉండేది. బోణీ ఆవిడదే. అరగంట వాదించేది. వందకు పది పైసలు పెంచితే గానీ కదిలేది కాదు.

"గీచి గీచి బేరమాడి ఐదున్నదాన్ని పది చేశాను" అని ఇప్పటికీ చెబుతుంది. మా వీధి ఆడవాళ్ళు బట్టల కొట్టుకు వెళ్ళాలంటే ముందు మా ఇంటికి వస్తారు.

శనివారం సాయంత్రం మనవరాలు ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"తాతయ్యా, నీ పుస్తకం పనికిరాదంటున్నారు మా మేడం."

"ఏమొచ్చిందే దానికి?" మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

"నెలకొక రోజు రేటు ఉన్నట్టుండి పైకి లేస్తోంది అమ్మమ్మా. మర్నాటికి మళ్ళీ మామూలే. మూడేళ్ళలో ముప్పై ఆరు చోట్ల. బ్యాంకు రేటుకూ దానికీ పొంతన లేదు. రాసినాయనకు లెక్క రాదేమో అన్నారు. సోమవారం లోపల కారణం చూపించాలి, లేదా ఇంకో విషయం మీద మొదటినుంచి రాయాలి. రెండు నెలల కష్టం నీళ్ళపాలే."

మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది.

"మీ తాతయ్యకు లెక్క రాదా? మాట రాదంటే ఒప్పుకుంటాను. అవి నేను వెళ్ళిన రోజులే పిల్లా. బేరమాడి తెచ్చుకున్న రేటు. అలాగే రాయి."

"అదీ చెప్పాను. బేరమైతే దుకాణానికి ఆ మేరకు తగ్గాలి కదా. గల్లా లెక్కలో ఆ రోజుల్లో ఒక్క పైసా తగ్గలేదు. మేడం నవ్వారు."

నేను కిటికీ వైపు చూశాను. నోరు విప్పకపోతే పిల్ల కష్టం పోతుంది. విప్పితే మా ఆవిడ నలభై ఏళ్ళుగా తలెత్తుకుని చెప్పుకునే మాట పోతుంది.

"తగ్గింది. నేను వేశాను" అన్నాను.

"ఏం వేశారు?"

"గల్లాలో. నెలకు ఇరవై రూపాయలు. నా జీతంలోంచి."

అప్పుడు నా జీతం నాలుగు వందలు. ఆవిడకు ఆ సంగతి తెలుసు. గరిటె కిందపెట్టింది.

"అంటే నేనడిగితే మీ యజమాని పెంచలేదా?"

"ఆయన పైసా పెంచడు."

"మరి నేను అరగంట నోరు నొప్పెట్టేలా వాదించిందంతా?"

"విన్నాను."

"ఇరవై రూపాయలు పోసి?"

"ఇవ్వకపోతే ఇంకో దుకాణానికి వెళ్తావని."

మనవరాలు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళి గిన్నెలు అవసరమైన దానికంటే గట్టిగా కడిగింది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. ఆదివారం పొద్దున పక్కింటావిడ చీరల బేరానికి రమ్మంటే తలనొప్పి అంది. నా ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం తీసుకుని నా చేత్తో రాశాను. 'ఈ ముప్పై ఆరు రోజుల రేటు బజారుది కాదు. తేడా నేను కట్టాను. మిగతావి సరైనవి.' కింద సంతకం పెట్టాను.

ఆవిడ వెనక నిలబడి చదివింది.

"ఏడు వందల ఇరవై" అంది.

"ఊఁ."

"మీలాంటి పిసినారి దగ్గర ఏడు వందల ఇరవై లాగానా? మీ యజమాని దగ్గర లాగితే ఏముంది, ఉన్నవాడు. ఏమే, అక్కడ బేరం మీ అమ్మమ్మది అని కూడా రాయించు."

రాశాను. ఆవిడ నాకు టీ పెట్టి ఇచ్చి పక్కింటికి వెళ్ళింది. తలనొప్పి తగ్గిందట.

సోమవారం మనవరాలు గెంతుకుంటూ వచ్చింది. "మేడం నమ్మారు తాతయ్యా! పుస్తకం తీసుకున్నారు. ఆ ముప్పై ఆరు రోజులు మాత్రం పట్టికలోంచి తీసేయమన్నారు."

"ఏవీ? నావా?" అంది మా ఆవిడ.

"అవి బజారు రేటు కాదు కదా అమ్మమ్మా."

"ఎక్కడుంటారే మీ మేడం?"

"అమ్మమ్మా, వద్దు!"

"నువ్వుండు. ముప్పై ఆరూ అడుగుతాను, పన్నెండైనా ఇవ్వకపోదు."

ఆవిడ చెప్పులు వెతుక్కుంటోంది. నేను చొక్కా వేసుకున్నాను.