తొంభై మీద తిప్పిన కార్పెట్

అసలే అన్న మాట కింద రెండు గీతలు కూడా కొట్టాడు మహానుభావుడు, వేడి నీళ్లు అసలే వద్దు అని, పెన్సిలుతో, తెలుగులో, ఆ గుండ్రటి చేతిరాతతో, ఆ కాగితం మీదే సబ్బుపొడి డబ్బా పెట్టిందెవరమ్మా అంటే ఇంకెవరు, తనే, కమలే, ఇప్పుడు వాషింగ్ మెషీను గాజు తలుపు ముందు పీట వేసుక్కూర్చుని మూడోసారి చదువుతోంది, చదివితే అక్షరాలు మారతాయా, పై పొర చల్లనీళ్లలో, కింది రబ్బరు పొర మెషీన్లో వెయ్యకూడదు, తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి, వేడి నీళ్లు అసలే వద్దు, రబ్బరు పొడిపొడిగా రాలిపోతుంది, ఇంత స్పష్టంగా రాసిపెట్టాక కూడా తన చెయ్యి తిన్నగా పోయి తొంభై డిగ్రీల మీద తిప్పింది, చూడకుండానే తిప్పింది, ముప్ఫై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసిన చెయ్యి మరి, మైల బట్ట కనిపిస్తే మరిగే నీళ్లు తప్ప దానికి ఇంకోటి తెలీదు, లోపల ఎర్రటి కార్పెట్ నురగలో ఒకసారి పైకి తేలుతోంది, మళ్లీ మునుగుతోంది, గాజు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, ఇంకా యాభై రెండు నిమిషాలు అని చూపిస్తోంది, దేవా, యాభై రెండు నిమిషాలు రబ్బరును ఉడకబెడితే ఏం మిగులుతుంది, ఆపబోతే ఆగింది గానీ తలుపు తెరుచుకోలేదు, నీళ్లు వేడిగా ఉన్నంతసేపు తియ్యదట, ఎంత తెలివో, వేసేటప్పుడు వద్దని చెప్పే తెలివి మాత్రం లేదు, సరే కానియ్యి, మళ్లీ నొక్కింది, గుడగుడమంటూ తిరగడం మొదలెట్టింది.

పోనీ కార్పెట్టేగా, పోతే పోయింది అనుకోడానికి ఇది మామూలు కార్పెట్టా, మార్చిలో, హోలీ వెళ్లిన మూడోనాడు తన భర్త స్టీఫెన్‌కి పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికే ఈ నున్నటి మొజాయిక్ నేల మీద జారి పడ్డాడు, దెబ్బ పెద్దది కాదు, కానీ ఆ రోజు నుంచి తన చెయ్యి అందకుండా ఆయన మంచం దిగలేదు, అప్పుడు బిలాస్‌పూర్ నుంచి ప్రియాంక ఫోన్ చేసి, మమ్మీ, జారని కార్పెట్లున్నాయి, మెషీన్లోనే ఉతుక్కోవచ్చు, పంపిస్తున్నా అంది, పంపింది, విప్పి చూస్తే మీగడ రంగు, ఓసి పిచ్చి తల్లీ, రాయపూర్‌లో పుట్టి పెరిగిన పిల్లవేనా నువ్వు, పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నం నడిస్తే అరికాళ్లు నల్లబడే ఊళ్లో, సిల్తారా ఇనుప ఫ్యాక్టరీల గొట్టాల మసి కిటికీ వేసినా ఇంట్లోకొచ్చే ఊళ్లో మీగడ రంగా, వారం తిరిగేసరికి పెనం అడుగులా తయారవుతుంది, పంపించెయ్ వెనక్కి, ముదురు రంగు, పువ్వులున్నది, బొచ్చు పొట్టిగా ఉండేది తెప్పించు, బొచ్చు పొడుగైతే డాడీ ఎడమకాలి బొటనవేలు అందులో చిక్కుకుంటుంది, అంది కమల, అలా వచ్చింది ఈ ఎర్రది, ముందు తలుపు దీనికి తగలకుండా తెరుచుకుంటుందా లేదా చూసింది, తర్వాత బరువు, మన మెషీను ఏడు కిలోలది, కార్పెట్ నీళ్లు పీల్చాక మొయ్యగలదా, పసిబిడ్డ కుదురుగా ఉండనంటే తల్లితో కలిపి తూచినట్టు కార్పెట్‌ని చంకనెత్తుకుని తూకం మిషనెక్కింది, దిగి తనొక్కతే ఎక్కింది, మంచం మీంచి చూస్తూ స్టీఫెన్ ఎన్ని నెలల తర్వాతో నవ్వాడు, ఎంతుంది కమలా, బిడ్డ, నార్మలేనా అన్నాడు, మూడున్నర కిలోలండీ, తల్లీబిడ్డా క్షేమం అంది తను.

ఆ తర్వాత ఆయన దాన్ని మంచం మీదికి తెప్పించుకుని పరీక్ష పెట్టాడు చూడు, రైల్వే వేగన్ రిపేర్ షాపులో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయిన మనిషి, బ్రేకు గొట్టాల రబ్బరును మడిచి, వాసన చూసి, గోటితో గీకి ఇది పాస్, ఇది ఫెయిల్ అన్న మనిషి, పై పొరకీ కింది పొరకీ ఉన్న పట్టీని చర్రుమని పీకి, రబ్బరును మడిచి ముక్కుకి ఆనించుకుని, మంచి మాలే, కానీ వేడి పడదు దీనికి, కమలా వింటున్నావా అన్నాడు, వింటున్నానండీ అంది, వినలేదు, పొయ్యి మీద చారు పొంగుతోంది అప్పుడు, అందుకే కాబోలు కాగితం మీద కూడా రాసి మెషీను మీద పెట్టాడు, తన సంగతి ఆయనకి తెలీదా ఏంటి.

పరిచిన రోజు నుంచి కుడిచేతిలో కర్ర, ఎడమవైపు తను పట్టుకుంటే, మంచం నుంచి హాల్లో కుర్చీ దాకా ఆ కార్పెట్ మీదే నడిచాడు, ఒక్క అడుగు పక్కకి వెయ్యలేదు, వెయ్యనివ్వలేదు తను, అండీ, ఇటు, కార్పెట్ మీదికి, అటు గచ్చు, అటొద్దు, అలా అలా ఆరు నెలలు, ఇంకా ఎవరింటికీ రాడు, గుడికీ రాడు, కాలు ఒకటి, దాని వెనక రెండోది, చెప్పుకోలేనిది, ఒక్కోసారి బాత్రూం దాకా ఆగలేడు, ఎనభై ఏళ్లవాళ్ల దుప్పట్లు, ముప్ఫై ఏళ్లవాళ్ల దుప్పట్లు ముక్కు మూసుకోకుండా మార్చిన తనకి ఇదో లెక్కా, ఇది శరీరమండీ, సిగ్గేంటండీ అని ఎంత చెప్పినా, నీకు కాదు కమలా, నాకు అంటాడు, అలాంటి మనిషి మొన్న ఆదివారం తనంతట తనే, మనింట్లో ప్రార్థన కూడిక పెట్టించు, పాస్టరుగారిని రమ్మను, అందరూ ఈ కార్పెట్ మీద కూర్చుంటారుగా, నేను కుర్చీలో కూర్చుని కీర్తన చదువుతాను అన్నాడు, వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది తను, సంతోషానికే, ఈ సాయంత్రం ఆరింటికి అది, ఇవాళే.

పొద్దున్న కాఫీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, పాలు, బిస్కెట్లు, పూలు తెస్తాను, గంటలో వస్తాను, లేవకండి, మీకు దణ్ణం పెడతాను, లేవకండి అని మరీ చెప్పి వెళ్లింది, వచ్చేసరికి హాలు బోసిగా ఉంది, కార్పెట్ చుట్ట చుట్టి బాత్రూం గుమ్మం దగ్గరుంది, తడి అంచు చూడగానే తెలిసిపోయింది, ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, సాయంత్రం వద్దని అందరికీ ఫోన్ చెయ్యి అన్నాడు, పనిచేసే సుభద్ర వచ్చుంటుంది, చూసేసి ఉంటుంది, ఈయన్ని మంచానికి చేర్చి, కార్పెట్ చుట్టి పెట్టి రెండో ఇంటికి పోయి ఉంటుంది, అయ్యో, పరాయి మనిషి ముందు, ఆడమనిషి ముందు, ఇక ఈయన ఈ జన్మలో గదిలోంచి బయటికి రాడు అనుకుంది కమల, ఫోన్ చెయ్యలేదు, చెయ్యదు, సాయంత్రానికల్లా ఉతికి ఆరబెట్టి ఏమీ జరగనట్టు పరిచేస్తే చాలు, పరిచింది చూస్తే మనసు మారుతుంది, ఆ కంగారులో చుట్టను విప్పకుండా చుట్టినట్టే ఎత్తి మెషీన్లో కుక్కింది, మైల బట్టను విప్పకూడదు, దులపకూడదు, మురికి లోపలికి ఉండగానే వెయ్యాలి, ట్రైనింగులో మొదటి వారమే నేర్పిన పాఠం, పైగా ఎత్తుతుంటే, అబ్బో, ఇంత తేలిగ్గా ఎత్తేశానే, యాభై తొమ్మిదేళ్లొచ్చినా నా చేతుల్లో పస తగ్గలేదు అని గొప్పగా కూడా అనుకుంది, గొప్పే మరి, చుట్ట విప్పి రబ్బరు పొర పీకి ఉంటే సరిపోయేది, రెండు నిమిషాల పని, చేసిందా, లేదు, నర్సమ్మగారు కదా.

ఇంక తొమ్మిది నిమిషాలు, మెషీను ఇప్పుడు నీళ్లు పిండుతూ గడగడా ఊగుతోంది, కార్పెట్ లేకపోతే ఆ గచ్చు మీద ఆయన అడుగు వెయ్యడు, అడుగు వెయ్యకపోతే కుర్చీ దాకా రాడు, పదిమంది హాల్లో కూర్చుని పాట పాడుతుంటే లోపల తలుపేసుకుని వింటూ పడుకుంటాడు, అది చూడటం తన వల్ల కాదు, ప్రభువా, మిగతావన్నీ చూశాను, అదొక్కటి చూపించకు అని గట్టిగానే అంది, ఆయనకి వినపడితే వినపడనీ, అంతలో టక్కున తలుపు తాళం విడిన చప్పుడు, కళ్లు మూసుకుని లాగింది, వేడి ఆవిరి మొహానికి కొట్టింది, చెయ్యి పెట్టి తడిమింది, మెత్తగా బట్ట తగిలింది, మొత్తం బయటికి లాగి టబ్బులో వేసింది, పై పొర కాస్త వెలిసింది, ఒక మూల చెవిలా ముడుచుకుంది, ఫరవాలేదు, రబ్బరేదీ, పొడిగా రాలిందేమో అని మెషీను కడుపులోకి తల దూర్చి చూసింది, ఒక్క నల్ల పలుకు లేదు, కరిగిపోయిందా, రబ్బరు కరిగి నీళ్లతో పాటు పోతుందా, పోదే, మరేమైంది.

అప్పుడే వీధి తలుపు తోసుకుని సుభద్ర, దీదీ, ఆజ్ తో దేర్ హో గీస్ అంటూ, పిల్లకి జ్వరం, అందుకే ఆలస్యమని చెప్పుకుంటూ చీపురు తీసింది, అదేంటి, నువ్వు పొద్దున్నే వచ్చి వెళ్లలేదా అని హిందీలో అడిగితే, నహీ దీదీ, మై తో అభీచ్ ఆవత్ హవ్, ఇప్పుడేగా వస్తున్నాను, కాలీన్ కహాఁ హే, అని అదే తిరిగి అడిగింది, కార్పెట్ ఎక్కడమ్మా అని, కమల చేతిలో తడి బట్ట అలాగే ఉండిపోయింది, సుభద్ర రాలేదు, మరి చుట్టిందెవరు, మంచానికి చేర్చిందెవరు, వంటింటి వైపు తిరిగింది, అప్పుడు కనిపించింది గోడ మీద, నడుమెత్తున, నల్లటి చెయ్యి అచ్చు, అయిదు వేళ్లూ తెలుస్తున్నాయి, దాని పక్కన ఇంకోటి, ఇంకోటి, వంటింటి గోడ పొడుగునా, పెరటి వరండా గుమ్మం నుంచి ఆయన గది దాకా, వరండా కటకటాల మీద ఎంత తుడిచినా పేరుకునే ఆ సిల్తారా మసి, అది పట్టుకుని, ఆ చేత్తోనే గోడ ఆనుకుని నడిచిన అచ్చులు, గబగబా వరండాలోకి పోయింది కమల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు దగ్గరికి జరిపి, వాటి మీద రబ్బరు పొర, నలుపు పైకి, ముడత లేకుండా, నీడలో, అప్పటికే పొడిగా ఆరి ఉంది, పక్కన పిండిన గుడ్డ, కుళాయికి ఆనించి ఆయన చేతికర్ర, అక్కడే మర్చిపోయి వెళ్లాడు, మర్చిపోయి, కర్ర లేకుండా, కార్పెట్ లేకుండా, రెండు గుమ్మాలు దాటి, బోసి గచ్చు మీద.

నవ్వొచ్చింది ముందు, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత రెండూ కలిసి వస్తే కొంగుతో మూతి మూసుకుంది, సుభద్ర గుడ్డ తడిపి గోడ తుడవబోతే, రహనే దే, వాటిని ముట్టుకోకు అని కసిరింది, పాపం అది బిక్కమొహం వేసింది, కర్ర తీసుకుని గదిలోకి వెళ్లేసరికి ఆయన ఇంకా గోడవైపే ఉన్నాడు, తిరక్కుండానే, తొంభై మీద పెట్టావు కదూ, ఆ మోత విని చెప్పగలను, పై బట్ట ఏమైనా మిగిలిందా అన్నాడు, మిగిలిందండీ, ఒక మూల ముడుచుకుంది అంది, ముడుచుకోదూ మరి అన్నాడు, రబ్బరు మీరే తీశారా అంటే, నీ సంగతి నాకు తెలీదా, చుట్ట చుట్టినట్టే పడేస్తావు, అందుకే నువ్వొచ్చేలోగా పీకి పెట్టాను, మొత్తం నేనే ఉతికేద్దామనుకున్నాను, దాన్ని మెషీన్లోకి ఎత్తడం చేతకాలేదు, అదే నాకు ఉక్రోషంగా ఉంది అన్నాడు, ఓహో, గోడవైపు తిరిగింది సిగ్గుతో కాదు, ఉక్రోషంతోనా, భయం వెయ్యలేదా అండీ, పడతానని, అని అడిగింది, ఎందుకూ, గోడుందిగా అన్నాడు, ఫోన్లు చేశావా వద్దని అన్నాడు, చెయ్యలేదంది, మంచిపని చేశావు, ఆరింటికి ఆరుతుందా అది అన్నాడు, అప్పుడు తిరిగాడు, మసి చెయ్యి చెంప మీద కూడా అంటుకుని ఉంది, కొంగు చివర ఎంగిలి తడి చేసి తుడవబోయి ఆగిపోయింది కమల, ఈ ఆరు నెలలూ అండీ ఇటు, అండీ అటొద్దు అంటూ ఆ ముంజెయ్యి గట్టిగా పట్టుకున్నది ఆయన పడతాడని కాదు, తను భయపడి, ఆయనకి గోడ చాలు, పట్టు కావలసింది తనకి, తెలిసిపోయింది, తెలిసి హాయిగా ఉంది, ఆరకపోయినా ఫరవాలేదండీ, బోసి గచ్చు మీదే కూర్చుంటారు అందరూ, అని కర్రని ఆయన చేతికిచ్చి, తన చెయ్యి వెనక్కి తీసుకుంది.