ఆఖరున తినేది

ఆదెలీనూ చెక్కసుత్తితో మాంసం ముక్కను బాదుతున్నాడు. బొటనవేలంత మందం ఉన్నది అరచేయంత వెడల్పయ్యేదాకా బాది, నలగ్గొట్టిన వెల్లుల్లి అద్ది, పొగలు కక్కే పెనం మీద వేస్తాడు. అటొక క్షణం, ఇటొక క్షణం. రొట్టెను చీల్చి, పెనం మీది వెన్నంతా దానితో తుడిచి, మధ్యలో ముక్క పెట్టి వంటింటి కిటికీలోంచి అవతలికి తోస్తాడు. దాన్ని ప్రెగో అంటారు. ప్రెగో అంటే మేకు. పీతలూ రొయ్యలూ ఎన్ని తిన్నా, చివర ఇది పడితేగాని ఆ తీరంలో ఎవరికీ భోంచేసినట్టుండదు. మేకు కొట్టారంటే భోజనం ముగిసినట్టే. ప్రెగో అన్న మాట చెవిన పడగానే వడ్డించేవాళ్ళు బల్ల తుడిచే గుడ్డ అందుకుంటారు.

ఈ హోటలు వంటింటి మూలలోనే అతని జుట్టు నెరిసింది. బాదీ బాదీ కుడి భుజం కిందికి వాలిపోయింది. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు. వేళ్ళ సందుల్లోని వెల్లుల్లి వాసన ఏ సబ్బుకీ లొంగదు. లిస్బన్ నుంచి జనం చూడ్డానికొచ్చే సముద్రం అతని వీపు వెనకే ఉంది. అతను దాని మొహం చూసింది తక్కువ.

పెళ్ళయిన కొత్తలో భార్య ఒతీలియాకి బయటినుంచే హోటల్లో సముద్రం వైపు కిటికీ పక్క బల్ల చూపించి, ఒకరోజు నిన్నక్కడ కూర్చోబెడతానన్నాడు. వేసవిలో సెలవు దొరకదు. చలికాలంలో హోటలే మూసేస్తారు. ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని ఊరికే అనలేదు పెద్దలు.

మొన్న వసంతంలో డాక్టరు ఒతీలియాని పరీక్షించి, ఈ గుండె ఇక ఆపరేషనుకి ఓర్చుకోలేదు, ఎత్తులెక్కకండి అని చెప్పి పంపేశాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ ఆవిడ ఒక్కమాటే అంది.

"ఊరందరికీ చేసిపెడతావు. నన్నెప్పుడు కూర్చోబెడతావయ్యా?"

యజమాని బెల్మీరూ చెడ్డవాడేం కాదు. నిండు ఆగస్టులో కిటికీ బల్ల అడిగేసరికి గతుక్కుమన్నాడు గానీ, మధ్యాహ్నం రద్దీ తగ్గాక తీసుకురమ్మన్నాడు. నువ్వూ ఏప్రన్ విప్పేసి పక్కన కూర్చో, పెద్ద పీత నా లెక్కలో అన్నాడు.

ఇవాళే ఆ రోజు. ఒతీలియా నీలం గౌను వేసుకుని, పెదాలకి రంగు కూడా పూసుకుని వచ్చింది. పీతల తొట్టె పక్కన చాలాసేపు ఓపిగ్గా నిలబడింది. బెల్మీరూయే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రెండు కంచాలూ, పీతలు పగలగొట్టే చిన్న సుత్తులు రెండూ పెట్టించి, సరుకు కోసం రేవుకి వెళ్ళాడు. ఆదెలీనూ వంటింట్లోంచి తొంగి చూశాడు. ఆవిడ చెయ్యి కాస్త పైకెత్తింది. వస్తున్నా, ఒక్క నిమిషం అని వేలు చూపించాడు. అంతలోనే నాలుగు బల్లలవాళ్ళు ఒక్కసారి ప్రెగోలు అడిగారు. తల ఎత్తడానికి లేదు.

వడ్డన ఫౌస్తూది. పై ఊరినుంచి వేసవి పనికి వచ్చినవాడు, ఆవిణ్ణి ఎరగడు. ఏం కావాలని అడిగాడు. పీత ఆయనొచ్చాక తిందామనుకుందో, పాపం ఇంతమందిలో ఇబ్బంది పెట్టడమెందుకనుకుందో.

"ప్రెగో ఒకటి పట్రా బాబూ. మా ఆయన చేతిది," అంది.

ఫౌస్తూ చెవికెక్కింది మొదటిమాటే. కంచాలు ఇంకా ముట్టకుండా తళతళలాడుతున్నాయెందుకని ఆలోచించే తీరిక లేదు. గుమ్మంలో పిల్లాజెల్లాతో పెద్ద కుటుంబం కాచుకుని ఉంది. ప్రెగో ఒకటి అని వంటింట్లోకి కేకేశాడు. ఎవరికని ఆదెలీనూ అడగలేదు. ఎప్పుడడిగాడు గనక? అందరికీ బాదినట్టే బాదాడు. ఒక అంచు మాడింది కూడా. దాన్ని ఫౌస్తూ కాగితంలో చుట్టి ఆవిడ చేతికిచ్చి, కంచాలూ సుత్తులూ తీసేసి, బల్ల తుడిచాడు.

రద్దీ తగ్గాక ఆదెలీనూ ఏప్రన్ విప్పి, మొహం కడుక్కుని, తడిచేత్తో జుట్టు సర్దుకుని బయటికొచ్చాడు. కిటికీ దగ్గర ఎవరో పిల్లలు పీతడెక్కలు పగలగొడుతున్నారు.

"ఆ పెద్దావిడా? ప్రెగో అడిగిందిగా బాబాయ్, అయిపోయిందనుకున్నా," అన్నాడు ఫౌస్తూ. "నవ్వి లేచి వెళ్ళిపోయింది."

ఆదెలీనూకి కోపం రాలేదు. తనైనా అదే పని చేసి ఉండేవాడు. అదే అతన్ని పొడిచింది.

ఇల్లు కొండవాలు మీద ఉంది. ఏ ఎత్తు ఎక్కొద్దన్నాడో డాక్టరు, అదే ఎత్తు. ఎండలో రొప్పుతూ ఎక్కాడు. ఒతీలియా వంటింట్లో కుర్చీలోనే ఉంది, బూట్లు కూడా విప్పుకోలేదు, తల గోడకి ఆనించి ఉంది. పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. కింద బీచిలో పిల్లల కేరింతలు వినిపిస్తూనే ఉన్నాయి. అతను ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా భోజనానికి కూర్చోవడం ఆ వేసవికి అదే మొదలు.

బల్ల మీద పెళ్ళినాటి గుడ్డ పరిచి ఉంది. రెండు కంచాలు. ప్రెగో రెండుగా కోసి ఉంది. మాడిన అంచున్న సగం ఆవిడ కంచంలో, ముట్టకుండా. మంచి సగం అతని కంచంలో ఉంది, ఈగలు వాలకుండా గిన్నె మూత పెట్టి.