మోకు పట్టేవాడు

ఎస్తేరమ్మను చంపింది సురేంద్రబాబు. డాక్టరు కాగితంలో గుండెపోటు అని ఉంది. కంపెనీ కాగితంలోనూ అదే ఉంది. కాగితాలు ఏం చెప్పినా చంపింది సురేంద్రబాబే. ఆమె మొగుడు మస్తానయ్యకు ఇందులో అనుమానం లేదు. నాలుగు నెలలుగా దీని గురించి ఎవరితోనూ వాదించలేదు.

ఆ సురేంద్రబాబే అతన్ని వెతుక్కుంటూ వరికుంటపాడు వచ్చాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మస్తానయ్య నలభై అడుగుల లోతున పాత బావిలో పూడిక తీస్తున్నాడు. మోకాళ్ల దాకా బురద. పొద్దుటి నుంచి డెబ్భై తట్టలు పైకి పంపాడు. గట్టు మీద మోకు పట్టుకుని బావి గల రైతు సిద్ధయ్య నిలబడి ఉన్నాడు. మస్తానయ్యది సీతారామపురం వైపు. ఆ వైపు బావి పనివాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. లోపలికి దిగే మనిషి నడుముకు కట్టిన మోకును బావి గలాయనే పట్టుకోవాలి. కూలివాడి చేతికి ఇవ్వకూడదు. కింద మనిషి పడిపోతే పైకి లాగే భారం, ఎవరి నీళ్ల కోసం దిగాడో వాళ్ల మీదే ఉండాలి. మనిషి కంటే ముందు బుట్టలో ఒక కోడిని దించుతారు. కోడి బతికి పైకొస్తేనే మనిషి కాలు పెడతాడు.

"మస్తానూ! పైకి రారా. నీతో పని ఉండాది."

ఆ గొంతును మస్తానయ్య గుర్తుపట్టాడు. ఇంకో పది తట్టలు పంపి అప్పుడు పైకి వచ్చాడు.

సురేంద్రబాబు ఆత్మకూరు రోడ్డులోని ఇథనాల్ ఫ్యాక్టరీకి కూలీలను పంపే కాంట్రాక్టరు. సోమశిల కాలువ కింద పండిన చెరుకు ఆ ఫ్యాక్టరీకి వస్తుంది. రసం తీసి, ఈస్టు కలిపి, రెండంతస్తుల ఎత్తున్న ఇనప ట్యాంకుల్లో పులియబెడతారు. పులిసిన రసాన్ని కాచి తీసిన స్పిరిట్టు ట్యాంకర్లలో వెళ్లి పెట్రోలులో కలుస్తుంది. ట్యాంకు ఖాళీ అయ్యాక అడుగున మడ్డి మిగులుతుంది. దాన్ని గీకి ఎత్తేది ఆడవాళ్లు. కూలి రోజుకు నాలుగు వందల ఇరవై. వాళ్లలో ఎస్తేరమ్మ ఒకతె.

మడ్డితో పాటు చెడుగాలి కూడా అడుగునే ఉండిపోతుంది. కంటికి కనపడదు. అది పోవాలంటే లోపలికి మంచి గాలి తోసే బ్లోయరు ఒక రాత్రంతా తిరగాలి. అంతసేపు ట్యాంకు ఖాళీగా ఉంటే గేటు దగ్గర లారీలు ఆగిపోతాయి. ఎస్తేరమ్మ పోయిన రోజు సురేంద్రబాబు బ్లోయరును రెండు గంటలకే ఆపించాడు. ముందు తోటి కూలి రూబీ దిగింది. దిగినది దిగినట్టే కూలబడింది.

"కోడిని దించి చూడండి సారూ అని మొదటనే చెప్పింది ఎస్తేరమ్మ. మా ఆయన అట్లే చేస్తాడు అనింది. ఇది ఫ్యాక్టరీ, మీ పాలెం బావి కాదు అని నవ్వినాడు సురేంద్రబాబు." ఆ రోజు పైన నిలబడి చూసిన ఆదిశేషమ్మ తర్వాత మస్తానయ్యకు చెప్పిన మాటలివి. రూబీ పడిపోగానే ఎస్తేరమ్మ దిగింది. రూబీని భుజాన వేసుకుని పైవాళ్ల చేతికి అందించింది. తను పైకి రాలేకపోయింది.

బతికిన రూబీ విచారణలో ఇంకో మాట చెప్పింది. ఎస్తేరమ్మకు మొదటి నుంచీ గుండె నొప్పి ఉందని. రూబీ పని పోలేదు.

"ఏంది సారూ?" అన్నాడు మస్తానయ్య, చేతుల బురద గడ్డికి తుడుచుకుంటూ.

"ఒడిశా కూలోళ్లు ఊరికి పోయినారు. మన ఆడోళ్లేమో మేం దిగం అంటుండారు. నీ పెళ్లాం దయ్యమై ట్యాంకులో కూర్చోనుండాదంట." సురేంద్రబాబు నవ్వాడు. "నువ్వు బావులోడివి. ఒక్కసారి దిగి పైకొచ్చినావంటే అందరూ నోరు మూసుకొని దిగతారు. నీ కూతురికి ఆఫీసులో పని ఇప్పిస్తా."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున్నే. లారీలు గేటు కాడ నిలబడిపోయినాయి."

"వస్తా. మా పద్ధతిలోనే దిగతా."

"నీ పద్ధతో, మీ తాత పద్ధతో. దిగితే చాలు."

కారు వెళ్లిపోయింది. సిద్ధయ్య మోకు చుట్టడం ఆపి చూశాడు. "వాడి పనికి పోతావా? సిగ్గనేది లేదంట్రా నీకు?"

"లేదు," అన్నాడు మస్తానయ్య.

ఉదయగిరిలో ఇంటికి చేరేసరికి కూతురు కరుణశ్రీకి అప్పటికే తెలిసింది. "నాయనా, అమ్మ పోయిన చోట దిగతావా? వాడిచ్చే ఉద్యోగం నాకొద్దు."

"నీ ఉద్యోగం కోసరం కాదు."

"మరెందుకు?"

అతను మోకు చుట్టను గోడకు తగిలించాడు. వాకిట్లో మోపెడ్డు దుమ్ము పట్టి ఉంది. రోజూ ఎస్తేరమ్మను కంపెనీ వ్యాను దగ్గర దించింది ఆ బండి మీదే. బంకులో పోసే ప్రతి లీటరులో అయిదో వంతు ఆ ట్యాంకుల్లోదేనని తెలిసినప్పటి నుంచి అతను దానిలో చుక్క పోయించలేదు. పనికి బస్సులో పోతున్నాడు, లేకపోతే నడుస్తున్నాడు.

మర్నాడు వ్యానులో ఏడుగురు ఆడవాళ్లున్నారు. మస్తానయ్య మోకు చుట్ట కాళ్ల దగ్గర పెట్టి, కోడిబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పెళ్లాం పోయిన చోటికే కూలికొస్తుండావే మస్తానయ్యా, ఎంతిస్తానన్నాడు?" అంది ఆదిశేషమ్మ.

అతను బుట్ట మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు తిరిగాడు.

"మాట్లాడడే! కోడెందుకంట? ట్యాంకులో కూర వండతావా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెనక సీట్లో రూబీ తల వంచుకుని కూర్చుంది. మస్తానయ్య ఆమె వైపు చూడలేదు.

ట్యాంకు పైన ఇనప అరుగు మీదకు అందరూ మెట్లెక్కారు. ఫ్యాక్టరీ మేనేజరు కూడా వచ్చాడు. మూత తీసి ఉంది. పులిసిన వాసన ముక్కుకు కొడుతోంది. బ్లోయరు గొట్టం కదలకుండా వేలాడుతోంది.

"బ్లోయరు ఎంతసేపు తిరిగింది సారూ?" మస్తానయ్య అందరికీ వినపడేలా అడిగాడు.

"పొద్దున గంట తిరిగిందిలే. దిగు."

మస్తానయ్య కోడిని బుట్టలో పెట్టి, పైన వల కట్టి, మోకుకు ముడి వేశాడు. రెండో కొస తెచ్చి సురేంద్రబాబు చేతిలో పెట్టాడు.

"ఇదేంది?"

"మా కట్టుబాటు. పని ఎవరిదో మోకు వాళ్లే పట్టుకోవాల. ట్యాంకు పని నీది."

మేనేజరు చూస్తున్నాడు. ఆడవాళ్లు చూస్తున్నారు. సురేంద్రబాబు సెల్‌ఫోను జేబులో వేసుకుని మోకు పట్టుకున్నాడు. బుట్ట లోపలికి దిగింది. కోడి రెండుసార్లు అరిచింది. రెక్కలు కొట్టుకున్న చప్పుడు కొంతసేపు వినిపించింది. తర్వాత అది కూడా ఆగింది.

"లాగు," అన్నాడు మస్తానయ్య.

బుట్ట పైకి వచ్చింది. కోడి మెడ వాలిపోయి ఉంది. మస్తానయ్య దాన్ని కాళ్లు పట్టి బయటికి తీసి ఇనప అరుగు మీద, సురేంద్రబాబు బూట్ల ముందు పెట్టాడు.

"ముసలి కోడి," అన్నాడు సురేంద్రబాబు. "ఎండకు..."

అప్పుడు రూబీ ముందుకు వచ్చింది. కోడి వైపు చెయ్యి చూపింది.

"దీనికీ గుండెపోటేనా సారూ?"

ఆదిశేషమ్మ నవ్వింది. ఇంకొకామె నవ్వింది. ఏడుగురూ నవ్వారు. నవ్వుతూనే ఒకామె పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మేనేజరు ఎవరికో ఫోను చేస్తూ గబగబా మెట్లు దిగిపోయాడు.

మస్తానయ్య నవ్వలేదు. బుట్ట విప్పి మోకు కొసన నడుముకు సరిపోయే ఉచ్చు వేశాడు. దాన్ని సురేంద్రబాబు వైపు చాచాడు.

"ఇప్పుడు నువ్వు దిగు. మోకు నేను పట్టుకుంటా."

"ఏందిరా, తమాషాగా ఉండాదా నీకు?"

"మా కోడి దిగింది. మా ఆడది దిగింది. ఇంక నీ వంతు. పడిపోతే లాగతానా లేదా అని అడగబాక. నాకే తెలీదు."

సురేంద్రబాబు వెనక్కి జరిగాడు. వీపుకు అరుగు అంచున ఉన్న కమ్మీ తగిలింది. మస్తానయ్య ఇంకో అడుగు వేశాడు. రూబీ గానీ, ఆదిశేషమ్మ గానీ అడ్డం రాలేదు. సురేంద్రబాబు కమ్మీ పట్టుకుని పక్కకు జరిగి జరిగి, మెట్ల దగ్గరికి చేరగానే పరుగెత్తాడు. సగంలో కాలు జారి కూలబడ్డాడు. లేచి మళ్లీ పరుగెత్తాడు.

ఆ రోజు ట్యాంకులో ఎవరూ దిగలేదు. గేటు దగ్గర పదకొండు లారీలు ఆగాయి.

తర్వాతి వారం మస్తానయ్య ఆత్మకూరు వెళ్లి విచారణ చేసే ఆఫీసరు ముందు గంటసేపు చెప్పాడు. రాసింది చదివించుకుని సంతకం పెట్టాడు. రూబీ కూడా వెళ్లింది. మొదట చెప్పిన వాంగ్మూలం మార్చడం కుదరదని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి మళ్లీ బస్సెక్కింది. ఆమె పని పోయింది. సురేంద్రబాబు కాంట్రాక్టు మాత్రం ఇంకా పోలేదు.

శనివారం సాయంత్రం పాస్టరు జయపాల్ ఇంటికి వచ్చాడు. కరుణశ్రీ కుర్చీ వేసింది.

"సురేంద్రబాబు మెత్తబడినాడు మస్తానయ్యా. రేపు ఆరాధనకు వచ్చి అందరి ముందర నీ చెయ్యి పట్టుకుంటానన్నాడు. నువ్వు లేచి సాక్ష్యం చెప్పు. క్షమించినాను అని ఒక్క మాట అను, చాలు."

"మందిరానికి ఏమిస్తానన్నాడు?"

"పైకప్పు రేకులు. అయినా అందుకని కాదులే."

"సాక్ష్యం ఆత్మకూరులో చెప్పేసినాను. వాడి దగ్గర ఏమన్నా ఉంటే వాడినే చెప్పమను."

"పోనీ, నలుగురిలో వద్దు. దేవునితోనన్నా చెప్పుకో. గుండె తేలికపడద్ది."

"నాకు తేలిక వద్దు." మస్తానయ్య గొంతు పెంచలేదు. "వినండి అయ్యగారూ. క్షమించినాను అనే మాట నా నోట రాదు. వాడితో రాదు, మీతో రాదు, నా కూతురితో రాదు. పైనున్న ఆయనతోనూ రాదు."

జయపాల్ ఇంకా రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. మస్తానయ్య వంగి మోకు చుట్టసాగాడు. చివరకు లేచి నిలబడి చేతులు చాపి ప్రార్థన చేశాడు. ఎస్తేరమ్మ పేరు తలిచాడు. కరుణశ్రీ కళ్లు మూసుకుంది. మస్తానయ్య కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు. ప్రార్థన అయిపోయాక ముగ్గురిలో ఇద్దరే ఆమేన్ అన్నారు.