జలగ మింగిన స్క్రూ

ఆ ఇంట్లో దాని పేరు జలగ. ఈతకొలను అడుగున పాకుతూ మట్టినీ ఆకుల్నీ పీల్చే యంత్రం. కొలను గోడలోని రంధ్రం నుంచి పొడవాటి గొట్టం వచ్చి దాని నెత్తికి తగులుకుని ఉంటుంది. దానికి కరెంటు లేదు. మోటారు నీళ్లను లాగుతుంటే ఆ ఊపుకే పాకుతుంది. లాగుడు లేకపోతే పడుకుంటుంది.

ఆ రోజు పొద్దున్నుంచీ పడుకునే ఉంది.

"తమ్ముడూ, జలగ పడకేసింది. అది నీళ్లలో ఉండగా మామయ్య దిగరు కదా. వచ్చి దాన్ని బయటికి తీసి చూడు" అని ఆ ఇంట్లోనే ఉండే పెద్దల్లుడు ఫోన్ చేశాడు.

ఈతకొలనుల మరమ్మతే చిన్నల్లుడి బతుకుతెరువు. అత్తవారింటి కొలను పనంతా మొదట్నుంచీ అతనిదే. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మధ్యాహ్నం దాటాక వెళ్లాడు. గేటు పెద్దల్లుడే తీశాడు. ఇంట్లో అలికిడి లేదు.

"వదినేది?"

"పిల్లలతో సినిమాకెళ్లింది. నేనే పంపా. ఎప్పుడు చూసినా ఇల్లూ వాకిలీ, విసుగు పుట్టదూ?"

"మీ కళ్లేంటి అన్నయ్యా, అంత ఎర్రగా ఉన్నాయి?"

"నిద్ర లేదు. ఆఫీసు గోల."

గట్టు మీద కుర్చీలో మామగారు ఈత నిక్కరుతో, భుజాన తువ్వాలుతో అలకపాన్పు ఎక్కినట్టు కూర్చున్నాడు. జీవితమంతా నది మీద లాంచీ నడిపిన మనిషి. అందరికీ ఆయన కెప్టెన్. రోజూ సాయంత్రం కొలను లోతట్టు వైపు మునిగి, అడుగున నీళ్లు లాగే రంధ్రానికున్న జాలీని చేత్తో పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉంటాడు. దాన్ని లంగరు వేయడం అంటాడు. ఒకసారి జలగ గొట్టం కాలికి చుట్టుకుంది. అప్పట్నుంచీ అది నీళ్లలో ఉంటే ఆయన గట్టు దిగడు.

"రావయ్యా చిన్నల్లుడూ. మీ చుట్టాన్ని కాస్త బయటికి పిలువు. పొద్దున్నుంచీ నా పక్క మీద పడుకుంది."

"నా చుట్టమేంటి మామయ్యా, ముచ్చటపడి తెచ్చుకుంది మీరు."

"తెచ్చుకున్నది నేనే. మేపాల్సింది నువ్వు."

పెద్దల్లుడు నవ్వాడు. "మామయ్యకు ఈ కొలనంటే ప్రాణం. తాను బతికుండగా ఇల్లు అమ్మేది లేదని రాత్రి తేల్చి చెప్పారు. అడగడం నాదే తప్పు."

"తప్పే" అన్నాడు కెప్టెన్, అతని వైపు చూడకుండా.

చిన్నల్లుడు గొట్టం గోడ నుంచి ఊడదీసి, జలగను గట్టు మీదికి లాగాడు. వెల్లకిలా తిప్పి గొంతులో వేళ్లు పెట్టాడు. లోపల రబ్బరు నాలుక ఒకటి ఉంటుంది. నీళ్లు లాగినప్పుడల్లా అది టపటపా కొట్టుకోవాలి. దాని పక్కన గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీశాడు. వేలి పొడవు స్టీలు స్క్రూ.

"దొరికాడు దొంగ."

"చూడనీ" అని కెప్టెన్ చెయ్యి చాపాడు. అరచేతిలో దొర్లించి చూసి వెనక్కిచ్చాడు. "మన జలగ ఇనుము కూడా అరిగించుకుంటోందే."

చిన్నల్లుడు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, గొట్టాన్ని మళ్లీ గోడకు తగిలించి జలగను నీళ్లలోకి వదిలాడు. అది అడుగుకు జారి, ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి ఆగిపోయింది.

అయితే రోగం స్క్రూ కాదు. మళ్లీ బయటికి లాగాడు. గొట్టాన్ని ముక్క ముక్కగా వంచి చూశాడు. ఎక్కడా పగులు లేదు. నీళ్లలో బుడగలు రావడం లేదు కాబట్టి గాలి దూరడం లేదు. ఆకులు పట్టే బుట్ట ఖాళీగా ఉంది. గోడ రంధ్రం దగ్గర నీళ్లలో అరచెయ్యి పెట్టాడు. చంటిపిల్ల చప్పరించినంత లాగుడు. మోటారు మాత్రం గది లోపల నిండుగా మోగుతోంది.

మోటారు లాగుతోంది. ఇక్కడ నుంచి లాగడం లేదు. మరెక్కడ నుంచి?

"వాల్వు చూసొస్తా మామయ్యా. నేను వచ్చేదాకా దిగకండి."

"జలగ గట్టు మీదే ఉందిగా. ఇంకేం భయం?" అన్నాడు పెద్దల్లుడు.

మోటారు గది ఇంటి వెనక, కొలనుకు ఓ పక్కన. లోపల మోటారుకు ముందు వాల్వు ఉంది. దానికి రెండు దారులు. ఒకటి జలగ రంధ్రానికి, రెండోది అడుగు జాలీకి. పిడి ఎటు చూస్తే ఆ దారి మూసి ఉన్నట్టు. అది పాత కొలను. అడుగున ఒక్కటే జాలీ, దానికి మనిషి అడ్డుపడితే లాగుడంతా ఆ మనిషి మీదే. అందుకని చిన్నల్లుడు ఆ దారిని ఎప్పుడూ మూసే ఉంచుతాడు. పిడి ఉండాల్సిన చోట ఎర్ర రంగుతో గీత కూడా పెట్టాడు.

పిడి సరిగ్గా గీత మీదే ఉంది.

కానీ పిడి నడుమ ఉన్న స్క్రూ గాడి మెరుస్తోంది. తుప్పు పట్టి ఉండాల్సిన చోట కొత్త గీరలు. స్క్రూడ్రైవర్‌తో విప్పి పిడి పైకి లేపాడు. కింద ఇరుసు మీద ఉన్న బాణం జలగ దారి వైపు చూస్తోంది. ఎవరో పిడి ఊడదీసి, ఇరుసును వెనక్కి తిప్పి, పిడిని మళ్లీ గీత మీదే బిగించారు. చూసేవాళ్లకు జాలీ దారి మూసి ఉంది. నిజానికి మోటారు బలమంతా ఇప్పుడు ఆ ఒక్క జాలీ మీదే ఉంది.

అప్పుడు జేబులో ఉన్నదేమిటో అతనికి గుర్తొచ్చింది. అంత పొడుగు స్క్రూ ఈ కొలను మొత్తంలో ఒక్క చోటే ఉంటుంది. జాలీ మూతకు. ఆ మూతకున్న రెండు స్క్రూలనూ తన చేత్తోనే బిగించాడు. మూత వదులైతే, కింద ఉన్నది నోరు తెరిచిన గొట్టం. పట్టుకున్న చేతిని అది వదలదు.

బయట నీళ్లు చెదిరిన చప్పుడు.

లేచి స్విచ్ వైపు తిరిగాడు. స్విచ్చుకు అడ్డంగా పెద్దల్లుడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"అన్నయ్యా, మోటారు ఆపండి. మామయ్య దిగారు."

"రోజూ దిగేదేగా. ఆపితే మళ్లీ నీళ్లు ఎక్కడానికి నానా తంటాలని నువ్వే అంటావు."

"జరగండి."

"కంగారెందుకు తమ్ముడూ? పని నీది, వాల్వూ నీదే. రేపు ఎవరడిగినా చెప్పాల్సింది కూడా నువ్వే."

అతని గొంతు మెత్తగా ఉంది. అంత దగ్గర్నుంచి చూస్తే ఆ కళ్లు నిద్రలేని కళ్లు కావు. క్లోరిన్ కలిపిన కొలను నీళ్లలో తెరిచిన కళ్లు. నీళ్లంటే భయమని ఏనాడూ కాలు తడుపుకోని మనిషి.

మోటారు గొంతు మారింది. నిండుగా మోగుతున్నది ఒక్కసారి సన్నగా, పైకి, పళ్లు కొరికినట్టు అరవసాగింది. దాని నోటికి ఏదో అడ్డుపడింది.

చిన్నల్లుడు అతనితో పెనుగులాడలేదు. చేతిలోని పిడిని ఇరుసు మీద కుదేసి, రెండు చేతులతో, బలమంతా పెట్టి గుండ్రంగా తిప్పాడు. ఇరుసు మొరాయించి, మూలిగి, తిరిగింది. మోటారు అరుపు తెగి, మామూలు మోతలోకి దిగింది.

గోడకు భుజం తగిలించుకుంటూ బయటికి పరిగెత్తాడు.

కొలను పైన ఎవరూ లేరు. తర్వాత నీళ్లు ఉబ్బాయి. కెప్టెన్ తల పైకి వచ్చింది. చిన్నల్లుడు బట్టలతోనే దూకి, చంకల కింద చేతులు వేసి మెట్ల దాకా లాక్కొచ్చాడు. ముసలాయన చాలాసేపు దగ్గాడు. కుడిచెయ్యి మణికట్టు చుట్టూ కంకణం వేసినట్టు నల్లగా కమిలింది.

"ఇన్నేళ్లూ లంగరును నేను పట్టుకున్నా" అన్నాడు చివరికి. "ఇవాళ అది నన్ను పట్టుకుంది."

పెద్దల్లుడు తువ్వాలు పట్టుకొచ్చి ఆయన భుజాల మీద కప్పాడు. "ఎంత ప్రమాదం తప్పింది మామయ్యా. తమ్ముడు వాల్వుతో ఏదో చేస్తున్నాడు, నా కళ్లారా చూశాను. మూత స్క్రూ కూడా అతని జేబులోనే ఉన్నట్టుంది. మనవాడే కదా, పోలీసుల దాకా ఎందుకులెండి."

 చిన్నల్లుడి తడిసిన జేబులో స్క్రూ గుండెకు ఒత్తుకుంటోంది.

కెప్టెన్ కమిలిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని పెద్దల్లుడి వైపు చూశాడు.

"అది జలగ గొంతులోంచి వచ్చింది. నా అరచేతిలో పెట్టుకుని చూశా." ఊపిరి తీసుకున్నాడు. "మూతకు రెండుంటాయి. ఒకటి చెయ్యి జారి పడితే జలగ మింగింది. రెండోది ఎవరు మింగారు పెద్దల్లుడూ?"

పెద్దల్లుడి చెయ్యి ప్యాంటు జేబు మీదికి వెళ్లి, అక్కడే ఆగి, మెల్లగా కిందికి దిగింది. ముఖం మీద నవ్వు మాత్రం చెదరలేదు.

"వెతుకుదాం మామయ్యా. ఎక్కడికి పోతుంది? మీరు ముందు లోపలికి రండి. వేడిగా టీ పెడతాను."

"వద్దు" అన్నాడు కెప్టెన్. "చిన్నల్లుడూ, నా చొక్కా, మందుల సంచీ తీసుకురా. నీ బండి మీద వస్తా. దారిలో పోలీస్ స్టేషన్ దగ్గర ఆగుదాం."

"గేటు తాళం వేసుంది మామయ్యా" అన్నాడు పెద్దల్లుడు, అంతే మెత్తగా. "తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు."

మోటారు గదిలో మోత ఆగకుండా వినిపిస్తోంది. చిన్నల్లుడు గట్టు మీద పడి ఉన్న తన సంచీలోంచి పెద్ద పానా తీసి చేతికి సరిచూసుకున్నాడు. మామగారిని రెండో చేత్తో లేవనెత్తి నిలబెట్టాడు.

"తాళాలు విప్పడం కూడా నా పనే అన్నయ్యా" అన్నాడు. "మీరు మా ముందు నడవండి. నాకు కనిపించేలా."