పదహారా, పదిహేడా?

జమ్మలమడుగు నుంచి పులివెందులకు గంగాధరం ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలాడు. రిటైరైన ఏడాదికి కారు కొన్నాడు. అనంతపురంలో ఎవరో డాక్టరు ఆరేళ్లు వాడిన బండి. ఇంజను బలం నాలుగు చక్రాలకూ పోయే రకం. అయితే అతను కొన్నది ఆ బలం కోసం కాదు, సీటు ఎత్తు కోసం. అతని భార్య భాగ్యలక్ష్మి వంగలేదు. కింద కూర్చున్నట్టుండే కార్లలోకి దిగలేదు. ఈ బండి సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తున ఉంది. పక్కన నిలబడి, వెనక్కి ఒరిగి, కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు.

మోరగుడిలో పాతికేళ్లు గుంత మగ్గం మీద కూర్చుని నేసింది భాగ్యలక్ష్మి. వెన్నుపూస అరిగిపోయింది. ఆపరేషన్ జరిగి మూడేళ్లయింది. నడవగలదు, వండగలదు. బండెక్కితే మాత్రం రోడ్డు మీది ప్రతి రాయీ ఆమె వెన్నులోకి వచ్చి తగులుతుంది. అందుకే మూడేళ్లుగా వీధి చివర దాటలేదు. "నాకు యాడికీ పోవాలని లేదులేప్పా" అని అడిగినవాళ్లకల్లా చెబుతుంది.

కారు తెచ్చిన రోజు గంగాధరం ఆమెను పెన్న బ్రిడ్జి దాకా తీసుకుపోయాడు. కారు చక్రాలు పెద్దవి, పద్దెనిమిది అంగుళాల అల్లాయ్‌వి. ఎండ పడితే వెండి పళ్లేల్లా తిరిగేవి. బతుకంతా నల్లటి ఇనుప చక్రాల బస్సు తోలినవాడికి ఆ మెరుపు మీద ఎంత మోజో! మలుపు తిరిగినప్పుడల్లా కారు కింద ఏదో మూలిగేది. అతను దాన్ని పట్టించుకోలేదు. బ్రిడ్జి దగ్గర ఆపి చూస్తే భాగ్యలక్ష్మి తలుపు పిడి పట్టుకుని ఉంది. కళ్లలో నుంచి నీళ్లు చప్పుడు లేకుండా కారుతున్నాయి.

"చెప్పకూడదా మే?"

"నువ్వు సంతోషంగా ఉండావు గదా. ఇంగేం చెప్పేది."

ఆ మాట అతనికి వారం రోజులు గుచ్చుకుంది. తర్వాత ఒక పొద్దున కారు తీసుకుని ప్రొద్దుటూరులో కమాల్ బాషా టైర్ల షాపుకు పోయాడు. బస్సు రోజుల నుంచీ వాళ్లిద్దరికీ స్నేహం.

కమాల్ బాషా కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. సుద్దముక్క తీసుకుని ముందు టైరు మీద ఒక గీత, దాని కింద నేల మీద ఒక గీత పెట్టాడు. కారును మెల్లగా తోయించాడు. టైరు గీత మళ్లీ నేలకు ఆనిన చోట ఇంకో గీత గీశాడు. వెనక టైరుకూ అలాగే చేశాడు. టేపు పెట్టి రెండూ కొలిస్తే మూడు వేళ్ల తేడా వచ్చింది.

"చూసినావా మామా? ముందరి రెండు కొత్తవి, సైజు వేరే. వెనకవి అరిగినవి. మామూలు కారైతే ఎట్లో నడిచిపోతాది. ఇది అట్ల కాదు. ముందిరుసూ వెనకిరుసూ ఒకదాన్నొకటి పట్టుకోని నడుస్తాయి దీంట్లో. ముందుది ఒక చుట్టు తిరిగి ఎంత నేల దాటుతాదో, వెనకదీ అంతే దాటల్ల. లేదంటే నడిమధ్య గేర్లు నలిగి వేడెక్కుతాయి. మూలుగుడు అదే."

"అయితే నాలుగూ మార్చల్లనా?"

"నాలుగూ. ఒకే సైజు, ఒకే రకం, ఒకే వయసు."

డ్రైవరు తలుపు తెరిచి, అంచున కంపెనీవాళ్లు అంటించిన కాగితం చూపించాడు. ఆ కారుకు రెండు సైజులు రాసి ఉన్నాయి, పద్దెనిమిది వాటిలో లేదు. 215/65 ఆర్ 16. 215/60 ఆర్ 17.

"మొదటిది టైరు వెడల్పు. రెండోది, ఆ వెడల్పులో నూటికి ఎంత ఎత్తు రబ్బరు ఉంటాదని. కడాది రిమ్ము, అంటే లోపలి ఇనుప చక్రం సైజు. ఏది వేసినా చక్రం మొత్తం ఎత్తు ఒకటే అనుకో. పదహారు వేస్తే ఇనుము తగ్గుతాది, రబ్బరు పెరుగుతాది. అంతే తేడా."

"ఎంత పెరుగుతాది?"

కమాల్ బాషా తన చిటికెన వేలి మందం చూపించాడు. "ఇంత."

గంగాధరం ఆ వేలి వైపు చూసి, గోడకు వేలాడుతున్న పదిహేడు అంగుళాల అల్లాయ్ రిమ్ముల వైపు చూశాడు. వాటి కింద నేల మీద పదహారు అంగుళాల ఇనుప రిమ్ములు ఉన్నాయి. నల్లవి, అచ్చం బస్సువే.

"పదిహేడు వేస్తే?"

"వెయ్యి. కంపెనీ ఒప్పుకున్నదే. కానీ కూచునేది నువ్వూ నేనూ కాదు గదా. అక్కను అడుగు."

ఆ రోజు పదిహేడువి వేయించుకుని ఇంటికి వచ్చాడు. మూలుగు పోయింది. భాగ్యలక్ష్మిని మళ్లీ బ్రిడ్జి దాకా తీసుకుపోయాడు. ఈసారి ఆమె ఏడవలేదు. "బాగానే ఉండాది" అంది. ఆ 'బాగానే' అతనికి తెలుసు. ఉప్పు తక్కువైన కూర గురించి అనే మాట అది. ఆమె చీర కొంగును వేలికి బిగించి చుట్టుకుని ఉండడం కూడా చూశాడు. ఇంటికి రాగానే కమాల్ బాషాకు ఫోను చేశాడు.

శుక్రవారం నమాజు అయ్యాక కమాల్ బాషా ఆటో ట్రాలీలో నాలుగు పదహారు అంగుళాల చక్రాలు వేసుకుని తానే వచ్చాడు. లోపల బ్రేకులకు తగలడం లేదని చేత్తో తిప్పి చూసుకుని, వీధిలోనే ఒక్కొక్కటీ మార్చాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని భాగ్యలక్ష్మి చూస్తూ ఉంది.

"ఇవి అందంగా లేవు గదప్పా" అంది.

"లేవక్కా" అని ఒప్పుకున్నాడు కమాల్ బాషా. గంగాధరం వైపు తిరిగి, "పొద్దున్నే, బండి కదలకముందు గాలి చూసుకో మామా. కాగితం మీద ఎంతుంటే అంతే. ఎక్కువ కొట్టినావంటే రాయే" అన్నాడు.

మరుసటి పొద్దున మంచు దట్టంగా ఉంది. సంక్రాంతి పోయి పది రోజులు. ముద్దనూరు దాకా పోయి వద్దామని బయల్దేరారు. భాగ్యలక్ష్మి చెప్పులు విప్పి, ఉత్త పాదాలు కారు నేల మీద ఆనించింది. మగ్గం తొక్కుడు కర్రల మీద పెట్టినట్టే పెట్టింది. కొంతదూరం కళ్లు మూసుకుంది.

"రోడ్డు మాట్లాడుతాంది. కానీ అరవడం లేదు" అంది.

గంగాధరం అద్దంలోంచి శనగ చేలు చూస్తూ తోలాడు. మంచులో గాలిమరల స్తంభాలు కనబడడం లేదు, పైన రెక్కలు మాత్రం ఒక్కొక్కటిగా తెల్లదనంలోంచి దిగివచ్చి మళ్లీ పైకి పోతున్నాయి. ఈ దారిలో ప్రతి గుంతా అతనికి తెలుసు. ఏ గుంత దగ్గర ఏ ముసలమ్మ తిట్టేదో, ఎక్కడ వెనక సీట్లవాళ్లు పైకి ఎగిరి నవ్వేవాళ్లో తెలుసు. ఇప్పుడు అవే గుంతలు వస్తున్నాయి, ఎప్పుడో విన్న మాటలు లీలగా గుర్తుకొచ్చినట్టు వచ్చి, మెత్తగా వెళ్లిపోతున్నాయి. బస్సు స్టాపుల్లో ఎవరో చేతులెత్తుతున్నట్టు అనిపించి రెండుసార్లు కాలు బ్రేకు మీదికి పోయింది. అక్కడ ఎవరూ లేరు.

ముద్దనూరు వచ్చింది. వెనక్కి తిప్పబోతూ పక్కకు చూశాడు. భాగ్యలక్ష్మి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, తల కిటికీకి ఆనించి, చేతులు ఒడిలో వదిలేసి. ఈ మూడేళ్లలో మాత్ర లేకుండా పగలు ఆమె కన్ను మూయడం అతను చూడలేదు. బండి ఆపితే లేస్తుందని భయమేసింది. ఆపలేదు. తిప్పలేదు. పులివెందుల రోడ్డు మీద ముందుకే పోయాడు.

తొండూరు దాటాక, ఆమె చెల్లెలు సుబ్బరత్నమ్మ చీనీ తోట, అదే బత్తాయి తోట, గుర్తొచ్చింది. తోటకు పోవాలంటే మట్టి బాట మీద పోయి ఒక వంక, ఇసుక నిండిన వాగు, దాటాలి. వంక ఒడ్డున ఆగక తప్పలేదు. ఇంజను ఆపకుండా దిగి, నాలుగు టైర్లలోనూ కొంచెం కొంచెం గాలి వదిలాడు. చక్రాలు ఇసుకలో వెడల్పుగా పరుచుకున్నాయి. మళ్లీ ఎక్కి కారును వంకలోకి దించాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి, ఒకే బలంతో ఇసుకను తోసుకుంటూ నడిచాయి. కారు మెల్లగా ఈదుతున్నట్టు పోయింది.

భాగ్యలక్ష్మి కళ్లు తెరవకుండానే, "పడవెక్కినామా?" అంది.

"వంకలో ఉండాం."

"ఏ వంక?"

అతను చెప్పేలోపే అవతలి ఒడ్డు రాయి తగిలింది. ఆమె "అమ్మా" అని నడుము పట్టుకుంది. గంగాధరానికి ప్రాణం పోయినంత పనైంది. బండి ఆపి, ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాడు. ఆమె పళ్లు బిగించి, నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి తీసుకుంది.

"తప్పు నాదేలే మే. ఇంటికి పోదాం."

"ఈడిదాకా తెచ్చి ఇంటికంటాండావేంది? పో." ఆమె కిటికీ అద్దం దించింది. "ఏందిది, ఈ వాసన?"

మంచు పలచబడుతోంది. ముందు ఒక చెట్టు, తర్వాత పది చెట్లు, తర్వాత తోటంతా తెల్లగా పూతమీద బయటపడింది. వాసన ఎంత చిక్కగా ఉందంటే చేత్తో తీసుకోవచ్చనిపించింది. తేనెటీగల హోరు నేలలోంచి వస్తున్నట్టుంది. సుబ్బరత్నమ్మ సగం దువ్విన తలతో, దువ్వెన చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఒక ఫోనైనా చేయకూడదా బావా! అక్కా, నువ్వేనా? ఇంట్లో ఏమీ లేదు, రాత్రి సంగటి తప్ప!"

"అదే పెట్టు" అంది భాగ్యలక్ష్మి. కాళ్లు బయటికి తిప్పి, తలుపు పట్టుకుని, తనంతట తాను దిగింది.

ఆ పూటంతా చెట్ల కింద నులక మంచం మీద పడుకుంది. పూరేకులు జుట్టులోనూ, కడుపు మీదా రాలాయి. దులుపుకోలేదు. మధ్యలో రెండుసార్లు నొప్పి వచ్చింది, మాత్ర వేసుకుంది, మళ్లీ పడుకుంది. చెల్లెలు చెప్పే కబుర్లకు ఊఁ కొడుతూ ఉంది. గంగాధరం కాలవ గట్టున కూర్చుని, బురదలో మసకబారిన తన నల్ల చక్రాలను చూస్తూ, వాటి మీద తనకు కోపమేమీ లేదని తెలుసుకున్నాడు.

ఎండ తగ్గుముఖం పట్టాక బయల్దేరారు. పెద్ద రోడ్డు ఎక్కాక టైర్లకు మళ్లీ గాలి కొట్టించారు. భాగ్యలక్ష్మి ఈసారి నిద్రపోలేదు. కొంతదూరం పోయాక ఎడమపక్కన కొండల మధ్యకు ఒక బాట కనబడింది. ఆ బాటలో అతని బస్సు ఏనాడూ తిరగలేదు.

"ఇట్ల పోతే యాడికి పోతాది?"

"నాకు తెల్దు మే."

ఆమె పాదాలు కారు నేల మీద సరిచేసుకుంది.

"అయితే తిప్పు" అంది.