చెక్కకు రెండు కొనలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావారు అంటుంటారు. ఆ రోజు మాత్రం కారణం ఉంది. కేసు ఏ దేశంలో విచారించాలో తేల్చడానికి కోర్టులో కూర్చున్నాం. మా దేశపు ప్రాసిక్యూటర్‌కు కుర్చీ వేశారు, అవతలి ఒడ్డు దేశం నుంచి వచ్చిన ప్రాసిక్యూటర్‌కు వేశారు, జడ్జిగారికి పెద్దది వేశారు, మంచినీళ్ల సీసాలకు కూడా ఓ బల్ల వేశారు. ముద్దాయికి మాత్రం చోటు లేదు. పెళ్లికొడుకును పిలవకుండా పెళ్లి చేసేవాళ్లను అక్కడే చూశాను. ముద్దాయి తరఫు వకీలుని నేను.

అతను పడవ సరంగు. నది మధ్యన సరిహద్దు. పడవ మాది, అది ఆగే అవతలి రేవు వాళ్లది. దిగే చెక్కకు ఒక కొన పడవ మీద, ఒక కొన రేవు మీద ఉంటుంది. జనం దిగేదాకా పడవ వైపు కొనను కాలితో తొక్కిపెట్టడం సరంగు పని. ఓ పొద్దున చెక్క జారి, ఒక అమ్మాయి పడవకూ రేవుకూ మధ్య పడి చనిపోయింది. సరంగు చెక్క మీంచి కాలు తీసేశాడని కేసు.

పడవ మాది కాబట్టి కేసు మాదేనని మావాళ్లు, ప్రాణం పోయింది మా నీళ్లలో కాబట్టి మాదేనని వాళ్లు. రెండుచోట్లా కేసు పెట్టారు. ఇక్కడ వదిలేసినా అక్కడ మళ్లీ బోనెక్కించవచ్చు. ఈలోగా అతను అడకత్తెరలో పోకచెక్కలా మా జైల్లో నలుగుతున్నాడు. పోయిన అమ్మాయి తల్లి వాంగ్మూలం తీసుకున్నారా అని అడిగాను. కేసు ఎవరిదో తేలాక తీసుకుంటామని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. ఆ ఒక్క విషయంలో ఎంత సఖ్యతో!

అతని మాట వినకుండా ఏదీ తేల్చడానికి వీల్లేదని పట్టుబట్టాను. జడ్జిగారు సరేనన్నారు. అతన్ని తీసుకొచ్చి, నా కుర్చీ పక్కన ఇంకోటి వేయించారు.

అవతల శిక్షలు చాలా ఎక్కువ. ఇక్కడే విచారణ జరపమని అడగాలని అతనికి ముందే నూరిపోశాను. "ఆయన్ని నది దాటనివ్వకక్కా" అని అతని భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. తీరా జడ్జిగారు అడిగేసరికి ఈ మహానుభావుడు, అవతలే విచారించండి అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కకు లాక్కెళ్లి, మతి ఉందా లేదా అని కడిగేశాను.

"ఆ రోజు ఆ తల్లి నా పక్కనే నిలబడిందమ్మా. చూసింది ఆవిడొక్కతే. ఆవిడింక జన్మలో పడవెక్కి ఇటు రాదు."

"నువ్వే చంపావంటే?"

"అననీయండి. బిడ్డను పోగొట్టుకుంది. ఆవిడ ముందు నిలబడకుండా బయటపడ్డా, నాకు నిద్ర పట్టదు."

నా కోపమంతా ప్రాసిక్యూటర్ల మీదికి మళ్లింది. విచారణ ఒక్కసారే జరగాలి, అక్కడి తీర్పు ఇక్కడా చెల్లాలి, ఇక్కడ జైల్లో గడిపిన కాలం శిక్షలో కలవాలి, అతని పక్కన నేనుండాలి. ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేస్తేగాని కదలనివ్వనన్నాను. మీతో వేగలేమమ్మా అని విసుక్కుంటూనే చేశారు. అతని భార్య మాత్రం నాతో మాట్లాడడం మానేసింది.

అదే పడవలో, వేరే సరంగు నడుపుతుంటే, చేతులకు బేడీలతో అతను నది దాటాడు. అవతలి రేవులో చెక్క వేయగానే, ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఇటు కొనను కాలితో తొక్కిపెట్టాడు. పోలీసు లాగినా కదల్లేదు. ముందు అందరినీ దిగనివ్వమన్నాడు.

నేను దిగాను. రేవు మీద ఒకావిడ నిలబడి ఉంది. కూతుర్ని చంపినవాణ్ని చూడడానికి వచ్చిందని అక్కడి పోలీసు నా చెవిలో చెప్పాడు. ఆవిడ అతని ముఖం చూడలేదు. చివరి మనిషి దిగేదాకా అతని కాలినే చూస్తూ నిలబడింది.

"ఆ రోజూ ఇలాగే తొక్కిపెట్టాడు" అంది. వంగి, రేవు వైపు కొనను పట్టి ఉంచే కొక్కేన్ని చేత్తో తాకింది.

"ఊడింది ఇది. నన్నెవరూ అడగలేదమ్మా."