గురువారం గొంతు

గురువారం మూటలు బయల్దేరే రోజు కాబట్టి ఆ ఆఫీసుకి టీ కూడా కాస్త ముందే వచ్చేది. టైర్ల కొట్టు పైన రెండే గదులు. అక్కడ కూర్చుని అయిదారుగురు మనుషులు ఒక లినక్స్ తయారుచేసేవాళ్ళు. స్కూళ్ళలో, లైబ్రరీల్లో, చిన్నా చితకా ఆఫీసుల్లో బల్లల మీదుండే కంప్యూటర్లు దానితో నడిచేవి. వారం వారం అందులో చిల్లులు పడ్డచోట అతుకులు వేసి, పాతబడ్డవి తీసి కొత్తవి పెట్టి, ప్యాకేజీలుగా కట్టి అందరికీ పంపాలి. కట్టే ఆవిడ వాటిని మూటలనేది. అందుకని ఆవిడ పేరే మూటల మేడమ్ అయిపోయింది.

మూటలు జనం మీదికి వెళ్ళేముందు వాటిని తన లాప్‌టాప్‌లో వేసుకుని చూసేవాడు ఒకతను. చూసేవాడంటే, వినేవాడు. ముప్ఫై ఏళ్ళకే ఏదో జబ్బు చేసి రెండు కళ్ళూ పోయాయి. తెర మీదున్నదాన్ని కంప్యూటర్ చదువుతూ ఉంటే, ఎక్కడ తడబడిందో చెవితో పట్టేసేవాడు. చెవులాయన అని పిలిచేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాడు.

అలా చదివే గొంతు అతని అక్కది.

అక్క రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్. తమ్ముడి కళ్ళు పోయిన కొత్తలో కంప్యూటర్లో ఉన్నదొక మరగొంతు. ప్రతి మాటనీ మేకు కొట్టినట్టు విడివిడిగా పలికేది. అది విని తమ్ముడు విసుక్కుంటుంటే చూడలేక, బండికీ బండికీ మధ్య మైకు ముందు కూర్చుని అక్క వేల వాక్యాలు చదివింది. మూటల మేడమ్ వాటిని గొంతుగా కుట్టి, మిగతా మూటల్లో ఒక మూటగా చేర్చింది. చూపులేని వాళ్ళందరికీ ఆ గొంతు అలవాటైంది.

ఆ మూటలో ఎవరూ చెయ్యి పెట్టేవారు కాదు. అయినా ప్రతి గురువారం గొంతు మాత్రం, అక్క ఆ వారం ఎలా ఉంటే అలా మారి వచ్చేది. అక్కకి జలుబు చేస్తే ఊరూరా కంప్యూటర్లు ముక్కు బిగుసుకుపోయి చదివేవి. అక్క హుషారుగా ఉంటే కరెంటు బిల్లు కూడా చిరునవ్వుతో వినిపించేది. మూటలతో పాటు పంపే మార్పుల వివరంలో ప్రింటరు, అక్షరాలు, బ్రౌజరు అన్నీ రాసి, చివర "గొంతు: జలుబు చేసింది, వచ్చే వారానికి తగ్గవచ్చు" అని మేడమ్ చేర్చేది. "ఆవిణ్ణి వేడినీళ్ళు తాగమనండి" అని కొందరు జవాబు రాసేవాళ్ళు.

ఆ కబురు అక్కకి చేరవేసేవాళ్ళు లేరు. అక్కకీ తమ్ముడికీ మాటల్లేవు.

కళ్ళు పోయాక అక్కే అతనికి అన్నీ అయింది. చొక్కా ఆవిడే తీసిపెట్టేది. కంచంలో ఏది ఎటుందో ఆవిడే చెప్పేది. అంతవరకూ బాగానే ఉండేది గానీ, ఎవరైనా అతన్ని ఏదైనా అడిగితే జవాబు కూడా ఆవిడే చెప్పేది. ఒకసారి, అతనంటే ఇష్టపడ్డ ఒకమ్మాయి ఇంటికొచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "నాతో కలిసి బతకడం మీకిష్టమేనా?" అని సూటిగా అడిగింది. అతను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"వాడి పనులే వాడికి కష్టమమ్మా. బాగా ఆలోచించుకో."

ఆ అమ్మాయి ఆలోచించుకుంది. మళ్ళీ రాలేదు.

"ఇంక నా బదులు మాట్లాడకు," అన్నాడతను. "అసలు నీ గొంతే నాకు వినపడకూడదు."

అక్క దూరంగా ఒక జంక్షన్‌కి బదిలీ అడిగి వెళ్ళిపోయింది. అతనూ ఫోన్ చేయలేదు. వినకూడదన్న గొంతునే పొద్దస్తమానం చెవిలో పెట్టుకుని ఏళ్ళు గడిపాడు. ఉద్యోగం కోసం తప్పదని తనకి తానే చెప్పుకునేవాడు. గురువారం వచ్చేసరికి మాత్రం మిగతావాటికంటే ముందు ఆ మూటే విప్పేవాడు. అక్క బాగానే ఉందని విన్నాకే టీ గ్లాసు అందుకునేవాడు.

ఒక చలికాలం ఆ గొంతుకి బొంగురు వచ్చింది. జలుబనుకున్నారు. చలి పోయింది గానీ బొంగురు పోలేదు. పెద్ద వాక్యం వస్తే ఊపిరి కోసం మధ్యలో ఆగేది. ఒత్తు అక్షరాలు పలకలేక తేల్చేసేది. మార్పుల వివరంలో గొంతు దగ్గర ఏం రాయాలో తోచక మేడమ్ ఖాళీగా వదిలేసింది.

"ఒకసారి ఫోన్ చేయకూడదూ?" అంది అతనితో.

"ఏమని చేయను మేడమ్?"

"ఎలా ఉన్నావని."

"ఎలా ఉందో వింటూనే ఉన్నాగా."

వినడం కూడా అతనివల్ల కాలేదు. ఒక గురువారం ఆ మూట వేసుకోవడం మానేశాడు. మానేసి ఊరుకోకుండా, బొంగురు రాకముందున్న పాత గొంతుని వెతికి తన లాప్‌టాప్‌లో పెట్టుకుని, ఇక మారకుండా బిగించేశాడు.

"ఒకటి ఆపితే దాన్ని పట్టుకుని ఉన్నవన్నీ మెల్లిగా ఆగిపోతాయి," అంది మేడమ్.

"ఆగితే ఆగనివ్వండి."

మళ్ళీ అక్క హాయిగా చదవసాగింది. అతనికీ నిద్ర పట్టసాగింది. తన దగ్గర గొంతు బాగుంది కనుక అక్క బాగుందనే అనుకోవడం అలవాటైపోయింది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికీ అతనికీ పెద్ద తేడా లేదు.

ఎండలు ముదిరాక ఆఫీసుకి వచ్చిన ఫోన్ ఒకటి అతనే ఎత్తాడు. వేరే ఊళ్ళో ఉండే రిటైరైన పంతులమ్మ. ఆవిడకీ చూపులేదు.

"నాయనా, మీ అక్కగారికి ఏమైంది? గురువారం నుంచీ నా కంప్యూటర్ నోరు విప్పడం లేదు."

"ఎక్కడో ఏదో మీట నొక్కి ఉంటారమ్మా."

"లేదు. మా వీధిలో ఇంకొకాయనకీ అంతే."

మేడమ్ తన కంప్యూటర్లో ఆ మూట విప్పి చూసింది. "మూట సరిగ్గానే ఉంది," అంది. ఇంకా లోతుకి వెతికి, "లోపల గొంతు లేదు," అంది.

ఆ మధ్యాహ్నం బండికే అతను బయల్దేరాడు. లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ దారంతా తెరవలేదు. జంక్షన్‌లో దిగేసరికి మైకులో ఎవరో కొత్తమ్మాయి బళ్ళ వేళలు చెబుతోంది. అది విని ఆగి, ఇక్కడి పాత అనౌన్సరు ఇల్లెక్కడని పక్కవాళ్ళని అడిగాడు. సామాన్లు మోసే ఒకతను చెయ్యి పట్టుకుని, వెనక వీధిలో ఉన్న రైల్వే క్వార్టర్స్ దాకా తీసుకెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. లోపల మందుల వాసన, ఫ్యాను చప్పుడు.

"అక్కా," అన్నాడు.

జవాబు లేదు. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తోంది. కోపం ఇంకా పోలేదనుకున్నాడు.

"పోనీ తిట్టు. తిట్టి అయినా మాట్లాడు."

"ఆవిడ మీ ఎదురుగానే ఉన్నారు సార్," అన్నాడు పక్కనున్న సామాన్లతను, గొంతు తగ్గించి. "మాట రాదు. గొంతులో పుండని కోసి తీసేశారు."

సామాన్లతను వెళ్ళిపోయాక అక్కా తమ్ముడూ మంచం మీద కూర్చున్నారు. ఆవిడ రాస్తే తమ్ముడు చూడలేడు. తమ్ముడు అడిగితే ఆవిడ చెప్పలేదు. చాలాసేపు ఆవిడ అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. అప్పుడతనికి తోచింది. సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"మాట్లాడక్కా."

మీటలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ ఆవిడ నొక్కిన చప్పుడు వినిపించింది.

"చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నావు," అంది అక్క.

బొంగురు లేదు. మధ్యలో ఆగడం లేదు. లోకంలో ఇంకెక్కడా మిగలని ఆ గొంతు, అతను మొండిగా బిగించి ఉంచిన ఆ ఒక్క చోటే మిగిలింది. ఆవిడ మళ్ళీ అదే మాట వినిపించుకుంది. మళ్ళీ ఇంకోసారి. తర్వాత వంగి అతని గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది. అతను వద్దనలేదు.

"ఆ రోజు ఆ అమ్మాయి నిన్నడిగింది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది."

"నేను కూడా ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"నువ్వు వెళ్ళిపోతే నాకెవరున్నార్రా అనుకున్నాను. అందుకే అలా అన్నాను."

గొంతు నిమ్మళంగా, బండి సరిగ్గా వేళకి వస్తోందని చెప్పినట్టు చెప్పింది. ఆవిడ ఎలా ఉందో అతనికి తెలియలేదు. చెయ్యి చాచి చెంప తడిమాడు. తడిగా ఉంది.

అతను అక్కడే ఉండిపోయాడు. మేడమ్ సెలవు ఇప్పించింది. గొంతు పోయిన మూటలో వెనకటి మరగొంతునే మళ్ళీ పెట్టి అందరికీ పంపింది. అక్క పాత గొంతుని అతని చేత పంపించుకుని ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించి కూడా చూసింది గానీ, అక్కడది పలకలేదు. దాంతో అతను లాప్‌టాప్‌ని పసిపిల్లాడిలా చూసుకునేవాడు. గురువారం గురువారం అది కొత్త మూటలొచ్చాయి వేసుకోనా అని అక్క గొంతుతోనే అడిగేది. వద్దనేవాడు. ఒక్కో సైటూ తెరుచుకోవడం మానేసింది. అతనికి లెక్కలేదు. పొద్దున్నే అక్క చేత పేపరు చదివించుకునేవాడు. ఆవిడ వంటింట్లో ఉన్నా, నిద్రపోతున్నా, పాత కథలేవో ఆ గొంతుతో వింటూ నవ్వుకునేవాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆవిడ వచ్చి టైపు చేసింది. "నిన్నటి నుంచీ మెడ కింద నొప్పిగా ఉందిరా."

"తగ్గుతుందిలే అక్కా."

"మింగుడు పడటం లేదు."

"అంత కంగారేం లేదు. గొంతు బాగానే ఉందిగా."

మీటల చప్పుడు ఆగిపోయింది. ఏమన్నాడో అతనికి వెంటనే తట్టలేదు. ఆవిడ లాప్‌టాప్ మెల్లిగా మూసి అతని ఒళ్ళో పెట్టి, లోపలికి వెళ్ళి పడుకుంది.

మర్నాడు గురువారం. అతను నొప్పి మాత్రలు తేవడానికి వీధి చివరి మందుల కొట్టుకి వెళ్ళాడు. తిరిగొచ్చి చెయ్యి కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని మీట నొక్కితే, "అన్ని అప్‌డేట్లు పూర్తయ్యాయి," అని వినిపించింది. మేకు మీద మేకు కొట్టినట్టు.

అతను ఒక మీట నొక్కాడు. ఇంకో మీట నొక్కాడు. అంతటా అదే మరగొంతు.

"ఏం చేశావక్కా?"

ఆవిడ పక్కనే ఉంది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"వేసేశాను," అంది మరగొంతు.

"నన్నడగాలి కదా."

"అడిగితే వద్దంటావు."

"అది ఇంక రాదు. తెలుసా నీకు? ఎక్కడా లేదు. నాకు మిగిలింది అదొక్కటే."

మీటలు చాలాసేపు చప్పుడు చేశాయి. కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది.

"నువ్వు దానితో ఉంటున్నావు. దానికి నొప్పి లేదు. నాకుంది. రేపు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళు."

అతను మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ పక్కనే కూర్చుంది. ఆపలేదు, ఓదార్చలేదు. ఏడుపు దానంతటదే తగ్గాక, "ఎన్నింటికి వెళ్దాం?" అని అడిగాడు.

"పొద్దున మొదటి బండికి."

"నొప్పి ఎక్కడుంది?"

ఆవిడ టైపు చేయబోయి ఆగింది. లాప్‌టాప్ పక్కకి నెట్టి, అతని అరచెయ్యి తీసుకుని, తన మెడకి కట్టిన గుడ్డ తొలగించి, అక్కడ పెట్టుకుంది. కోసినప్పుడు ఊపిరి కోసం పెట్టిన చిన్న కంతలోంచి వెచ్చటి ఊపిరి అతని అరచేతికి తగిలింది. ఒకసారి చిన్నగా, ఒకసారి పెద్దగా. ఆవిడ పెదాలు కదుపుతోందని, ఏదో చెబుతోందని అతనికి తెలిసింది. ఏమిటన్నది అర్థం కాలేదు. "మళ్ళీ చెప్పు," అన్నాడు, చెయ్యి తీయకుండా.